కుమమోతో కోట: కూలిన రాళ్ళు చెప్పే పాఠం

జపాను దేశానికి విహారయాత్రకు వెళ్ళే మనవారిలో అధిక సంఖ్యాకులు టోక్యో, క్యోటో, నారా, హిరోషిమా నగరాలను దర్శించి తిరుగుముఖం పడుతుంటారు. కోటల మీద ఆసక్తి గలవారు మరొక అడుగు ముందుకు వేసి హిమెజీ కోటను కూడా చూస్తారు. పాలవలె తెల్లనైన ఆ కోట సౌందర్యం నిస్సందేహంగా దర్శనీయమే. అయితే నిర్మాణ విద్యను జీవనోపాధిగా స్వీకరించిన నావంటి వానిని అంతకంటే ఎక్కువగా ఆకర్షించినది దక్షిణాన క్యూషూ ద్వీపంలో ఉన్న కుమమోతో నగరం. ఇందుకు కారణం పాఠకులకు విచిత్రంగా తోచవచ్చు. అక్కడి కోట నేడు సంపూర్ణంగా లేదు. 2016వ సంవత్సరంలో సంభవించిన భూకంపాలకు దాని రాతిగోడలు అనేక చోట్ల కూలిపోయాయి. వాటిని తిరిగి పేర్చే పని నేటికీ సాగుతున్నది. 2052వ సంవత్సరం వరకు సాగుతుందని అంచనా. దెబ్బతిన్న కట్టడాన్ని తడికెల చాటున దాచక, సందర్శకులను పిలిచి మరీ మరమ్మతును చూపిస్తున్న నగరం అది. శరత్కాలంలో మేము దంపతులం అక్కడ నాలుగు రోజులు గడిపాము. చూసినవాటిలో మన సంస్థ కుటుంబ సభ్యులకు ఉపయోగపడగలవని తోచిన విశేషాలను ఇక్కడ మనవి చేస్తున్నాను.

నగరానికి దారి

ఫుకువోకా నగరంలోని హకాతా స్టేషన్ నుండి షింకన్‌సెన్ బుల్లెట్ రైలులో సుమారు 40 నిమిషాలలో కుమమోతో చేరుకోవచ్చు. ఈ రైలు మార్గం 2011 మార్చిలో పూర్తిగా ప్రారంభమైనది. నగర జనాభా సుమారు 7 లక్షల 40 వేలు. స్టేషన్ బయటనే ట్రాము సిద్ధంగా ఉంటుంది. 1924 నుండి నడుస్తున్న ఈ ట్రాము మనలను కోట పాదం వద్ద దించుతుంది.

జపానీయులు ఇటువంటి పట్టణాలను 'జోకమాచి' అంటారు. 'కోట క్రింది ఊరు' అని దాని అర్థం. మన ప్రాంతంలో కోట క్రింద పేట వెలసినట్లే అక్కడ కూడా గుట్ట మీద కోట, దాని చుట్టూ సామురాయ్ యోధుల నివాసాలు, ఆ వెనుక వర్తకుల వీధులు ఏర్పడ్డాయి. సమీపంలో ప్రవహించే త్సుబొయి నదిని మళ్ళించి కోటకు కందకంగా వాడుకున్నారు. పాత వర్తకుల వాడలో ఒక్కొక్క చదరానికి నడుమ ఒక్కొక్క బౌద్ధాలయాన్ని నెలకొల్పారు. యుద్ధం వస్తే ఆ ఆలయ ప్రాంగణాలే సేనలకు విడిదులు. పట్టణ ప్రణాళికలో ఇంతటి ముందుచూపు నాలుగు వందల ఏళ్ళ క్రిందటిదంటే ఆశ్చర్యం కలుగక మానదు.

ఆకలిదప్పులు నేర్పిన నిర్మాణం

ఈ కోటను కట్టించిన ప్రభువు కతో కియోమసా. 1601లో మొదలైన పని 1607లో ముగిసినది. కియోమసా అంతకు పూర్వం కొరియా దండయాత్రలో పాల్గొని, 1597-98 శీతకాలంలో ఉల్సాన్ వద్ద శత్రువుల ముట్టడిలో చిక్కుకున్నాడు. తినడానికి తిండి, త్రాగడానికి నీరు లేక ఆయన సేన అలమటించినది. ఆ అనుభవమే కుమమోతో కోట రూపురేఖలను నిర్ణయించినదని అంటారు. కోటలో 120 బావులు త్రవ్వించాడనీ, ముట్టడి కాలంలో వండుకొని తినడానికి వీలుగా నేల మీద పరిచే చాపలలో గడ్డికి బదులు ఎండబెట్టిన చేమ కాడలు కూర్పించాడనీ అక్కడివారు నేటికీ చెప్పుకుంటారు. ఆవరణలోని గింకో వృక్షం గింజలు కూడా కరవు కాలపు ఆహారమే. ఆ చెట్టు పేరు మీదుగా దీనికి 'గింకో కోట' అనే ముద్దుపేరు వచ్చినది. కార్తిక మాసపు రోజులలో ఆ ఆకులు పసుపు ముద్దలవలె మెరుస్తుంటే, వెనుక నల్లని కోట కనబడే దృశ్యం వర్ణనాతీతం.

కోటకు అసలైన కీర్తి తెచ్చినవి దాని రాతిగోడలు. ఇవి పాదం వద్ద ఏటవాలుగా మొదలై, పైకి పోయేకొద్దీ నిటారుగా లేచి, శిఖరం వద్ద దాదాపు నిలువుగా నిలుస్తాయి. క్రింద సులభంగా నాలుగు అడుగులు ఎక్కిన శత్రువు పైభాగంలో పట్టు దొరకక వెనుదిరగవలసినదే. అందుకే దీనికి 'ముషా గయెషి', అంటే 'యోధుని వెనుకకు మళ్ళించేది' అని పేరు పెట్టారు. ఈ పేరు ఉత్తుత్తిది కాదని 1877లో రుజువైనది. సైగో తకమోరి నాయకత్వంలో తిరుగుబాటు చేసిన సామురాయ్ సేనలు యాభై రోజులకు పైగా ముట్టడించినా కోటలో ప్రవేశించలేకపోయాయి. ఆ ముట్టడికి కొద్ది రోజుల ముందు ప్రధాన బురుజు అగ్నికి ఆహుతి అయినది. నేడు మనం చూసేది 1960లో కాంక్రీటుతో పునర్నిర్మించిన బురుజు. పాతకాలపు కొయ్య కట్టడాన్నే చూడదలచినవారికి అగ్ని నుండి బయటపడిన ఉతో బురుజు ఉన్నది.

ఆ రెండు రాత్రులు

2016 ఏప్రిల్ 14వ తేదీ రాత్రి 9 గంటల 26 నిమిషాలకు 6.5 తీవ్రతతో భూమి కంపించినది. అదే ప్రధాన భూకంపమని భావించి ప్రజలు ఊపిరి పీల్చుకుంటుండగా, ఏప్రిల్ 16వ తేదీ తెల్లవారుజామున 1 గంట 25 నిమిషాలకు 7.3 తీవ్రతతో అంతకంటే పెద్దది వచ్చినది. 28 గంటల వ్యవధిలో రెండు ఘాతాలు. నగరం ప్రక్కన ఉన్న మషికి పట్టణంలో జపాను కొలమానంలో గరిష్ఠమైన 7వ స్థాయి ప్రకంపన రెండుసార్లు నమోదైనది. భూకంపానికి నేరుగా బలి అయినవారు 50 మంది. ఆ తరువాతి అలసట, అనారోగ్యాల వలన మరణించినవారిని కలిపితే ఈ సంఖ్య 270 దాటినది. కోటను గురించి మాట్లాడే ముందు ఈ సంఖ్యను స్మరించుకోవడం కనీస ధర్మం.

కోటలో మొత్తం రాతిగోడల వైశాల్యం సుమారు 79 వేల చదరపు మీటర్లు. అందులో సుమారు 8,200 చదరపు మీటర్లు నేల కూలాయి. ఉబ్బిపోయి, సడలిపోయి, విప్పి మళ్ళీ పేర్చవలసిన భాగాన్ని కూడా కలిపితే 23,600 చదరపు మీటర్లు; అంటే మొత్తంలో దాదాపు 30 శాతం. తిరిగి అమర్చవలసిన రాళ్ళు 70 వేల నుండి లక్ష వరకు ఉంటాయని అంచనా. ప్రభుత్వం ముఖ్య సాంస్కృతిక సంపదగా గుర్తించిన 13 కట్టడాలూ దెబ్బతిన్నాయి. ఇవాళ ప్రపంచమంతా చూసిన ఒక ఛాయాచిత్రం ఇక్కడిదే. ఈదమారు బురుజు క్రింది గోడ కూలిపోగా, మూలన ఒక్క వరుసగా మిగిలిన రాళ్ళు మాత్రం ఒంటికాలి మీద నిలిచినట్లు నిలిచి ఆ బురుజును మోశాయి. ఇంజనీర్లు ఉక్కు చట్రాన్ని క్రిందికి చొప్పించి దాన్ని ఆదుకొని, తరువాత బురుజును జాగ్రత్తగా విప్పదీశారు.

గోడ లోపలి సంగతి

"సున్నం గానీ సిమెంటు గానీ లేకుండా ఇంత ఎత్తు గోడ ఇన్నాళ్ళు ఎలా నిలిచిందండీ?" అని మా శ్రీమతి అడిగినది. సమాధానం గోడ ముఖంలో లేదు, దాని వెనుక ఉన్నది. బయటికి కనబడే పెద్ద రాళ్ళు మొదటి పొర. వాటి వెనుక పిడికెడంత, తలకాయంత గుండ్రాళ్ళు నింపిన మందమైన రెండవ పొర. ఆ వెనుక గట్టి మట్టి. వాన నీరు మట్టిలోనుండి గుండ్రాళ్ళలోకి దిగి, రాళ్ళ సందులనుండి బయటికి పోతుంది. నీటి ఒత్తిడి గోడను త్రోయదు. చిన్నపాటి కంపనాలు వస్తే రాళ్ళు ఒకదానిపై ఒకటి కొద్దిగా కదిలి సర్దుకుంటాయి. అతుకు లేకపోవడమే దాని బలం.

కాని తీవ్రమైన కుదుపులో అదే గుండ్రాళ్ళ పొర క్రిందికి కుంగి, ముఖపు రాళ్ళను బయటికి నెడుతుంది. గోడ గర్భిణి ఉదరంవలె ఉబ్బుతుంది; ఆ తరువాత కూలుతుంది. ఇక్కడ మన వృత్తివారు ప్రత్యేకంగా గమనించవలసిన సంగతి ఒకటి ఉన్నది. ఈ కోట గోడలు 1889 జూలైలో వచ్చిన భూకంపంలో కూడా కూలాయి. వాటిని అప్పుడు తిరిగి కట్టారు. 2016 నష్టాన్ని పాత పత్రాలతో పోల్చి చూస్తే, 1889లో కూలిన చోట్లలో అధిక భాగం మళ్ళీ కూలినట్లు తేలినది. భూమి స్వభావం ఒక కారణం కావచ్చు. మరమ్మతు స్వభావం మరొక కారణం కావచ్చు. ఏదైనా, కూలినదాన్ని త్వరగా నిలబెట్టడం వేరు, మళ్ళీ కూలకుండా నిలబెట్టడం వేరు అనే సత్యాన్ని ఆ గోడలు 127 ఏళ్ళ తరువాత చాటి చెప్పాయి.

అంకెలు వేసిన రాళ్ళు

కోట ప్రక్కనున్న విశాలమైన మైదానంలో కూలిన రాళ్ళను వరుసలుగా పరిచి ఉంచిన దృశ్యం సందర్శకులను నిలబెట్టివేస్తుంది. ప్రతి రాతి మీద ఒక సంఖ్య ఉంటుంది. రాయి ఏ గోడదో, ఎక్కడ పడినదో, ఎంత పరిమాణమో పుస్తకంలో నమోదు అవుతుంది. భూకంపానికి పూర్వం తీసిన ఛాయాచిత్రాలలోని రాళ్ళ ఆకారాలను, నేల మీది రాళ్ళ ఆకారాలను కంప్యూటరు సాయంతో పోల్చి, ఫలానా రాయి ఫలానా చోటిదని నిర్ధారిస్తారు. అనంతరం దానిని యథాస్థానంలో అమరుస్తారు. పగిలినవాటిని అతకగలిగితే అతుకుతారు; వీలుకాకపోతేనే అదే జాతి కొత్త రాతిని చెక్కుతారు.

క్రేన్లు, కాంక్రీటు, సొమ్ము ఉన్న దేశానికి ఇంత ప్రయాస ఎందుకు అని కొందరికి తోచవచ్చు. నిజానికి అక్కడి నిపుణుల ముందున్న చిక్కు ఇదే. కోట జాతీయ చారిత్రక స్థలం. కనుక పాత పద్ధతి చెడరాదు. అది ఏటా లక్షలాది జనం నడిచే చోటు. కనుక భద్రత లోపించరాదు. పాత పద్ధతినే అక్షరాలా పాటిస్తే మరొక భూకంపానికి మళ్ళీ కూలవచ్చు. కాంక్రీటు పోసి బిగిస్తే నిలవవచ్చు గాని, అది కియోమసా గోడ కాదు. కాబట్టి ఒక్కొక్క గోడను విడివిడిగా పరీక్షించి, జనం సంచరించే చోట ఎంత బలం అవసరమో అంత మాత్రమే, కంటికి కనబడని రీతిలో చేర్చడానికి ప్రయత్నిస్తున్నారు.

మొట్టమొదట ప్రధాన బురుజునే బాగుచేయాలని నగరపాలక సంస్థ నిర్ణయించినది. ప్రజల మనోధైర్యానికి అది చిహ్నం కావడమే ఇందుకు కారణం. కుదుపులను మ్రింగే డాంపర్లు అమర్చి, పైకప్పు పెంకులు మార్చి, వృద్ధుల కోసం లిఫ్టు ఏర్పరచి, 2021 జూన్ 28న దాన్ని మళ్ళీ తెరిచారు. అంతకు ఏడాది ముందే, 2020 జూన్‌లో, నేలకు సుమారు 6 మీటర్ల ఎత్తున, 350 మీటర్ల పొడవున ఒక నడకదారి ప్రారంభమైనది. మరమ్మతు పని క్రింద సాగుతుండగా సందర్శకులు దానిమీదుగా నడుస్తూ చూడవచ్చు. నేలలోని పురాతన అవశేషాలకు హాని కలగని విధంగా దీని పునాదులను రూపొందించారు. పని పూర్తికాగానే తీసివేసేందుకు వీలైన తాత్కాలిక నిర్మాణమిది.

మొదట ఈ పనులన్నీ 2037 నాటికి ముగియగలవని తలచారు. లోతుకు దిగినకొద్దీ పని పరిమాణం తెలిసివచ్చి, 2022లో గడువును 2052కు పొడిగించారు. మన సంస్థలలో గడువు మూడు నెలలు పెరిగితే ఎన్ని సమావేశాలు, ఎన్ని వివరణ పత్రాలు అవసరమవుతాయో పాఠకులకు తెలియనిది కాదు. అక్కడ పదిహేనేళ్ళ పొడిగింపును దాపరికం లేకుండా ప్రజలకు ప్రకటించారు. ప్రజలు కూడా వెనుదీయలేదు. 10 వేల యెన్‌లు, ఆపైన విరాళమిచ్చిన ప్రతి ఒక్కరినీ 'కోట ప్రభువు'గా గౌరవించే పథకాన్ని 2016 చివరలో ప్రారంభించగా, దేశం నలుమూలల నుండి విరాళాలు వచ్చాయి.

ఇటువంటి ఓర్పు మనకు అపరిచితం కాదు. హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని 2006లో విప్పదీసి, రాళ్ళకు గుర్తులు వేసి, తిరిగి నిలబెట్టి 2024 మార్చిలో ప్రారంభించిన సంగతి మనం ఎరిగినదే. ఆ మధ్యకాలంలో మండపం స్థలాన్ని చూసి నిట్టూర్చినవారిలో నేనొకడిని. కుమమోతోలో అంకెలు వేసిన రాళ్ళను చూసిన తరువాత ఆ ఆలస్యంలోని ఒక భాగాన్నయినా మరొక దృష్టితో చూడగలిగాను.

నవగ్రహాలు, తామరదుంప

1632లో కుమమోతో పాలన హొసొకావా వంశానికి దక్కినది. మేజీ యుగం వరకు, అంటే దాదాపు 240 ఏళ్ళు వారే ప్రభువులు. వారి రాజముద్రలో నడుమ ఒక పెద్ద వృత్తం, చుట్టూ ఎనిమిది చిన్న వృత్తాలు ఉంటాయి. దీని పేరు 'కుయో', అనగా తొమ్మిది జ్యోతులు. ఇవి మరేవో కావు, మన నవగ్రహాలే. బౌద్ధంతో పాటు మన జ్యోతిషం చైనా మీదుగా జపాను చేరినది. రాహువును వారు 'రగో' అనీ, కేతువును 'కెయితో' అనీ పిలుస్తారు. విదేశంలో ఒక ప్రభువు ముద్ర మీద మన రాహుకేతువులు దర్శనమిస్తారని ఎవరూహించగలరు!

ఈ ముద్రకూ స్థానిక వంటకానికీ సంబంధం ఉన్నది. తామరదుంప రంధ్రాలలో ఆవపొడి కలిపిన మిసో ముద్దను కూరి, పసుపు కలిపిన పిండిలో ముంచి వేయిస్తారు. దీనిని 'కరషి రెంకోన్' అంటారు. బలహీనంగా ఉన్న హొసొకావా తదతోషి ప్రభువు ఆరోగ్యం కోసం దీనిని కనిపెట్టారని కథనం. చక్రాలుగా కోసినప్పుడు రంధ్రాల అమరిక రాజముద్రను పోలి ఉంటుందట. ఆవఘాటు నేరుగా ముక్కుకు ఎక్కుతుంది. ఆవకాయకు అలవాటుపడిన నాలుకలకు ఇది పుట్టింటి పిలుపు వంటిది. మా శ్రీమతి రెండు చక్రాలు తిని, మూడవదానికి అన్నం కావాలన్నది!

నేల క్రింది నది

తదతోషి 1636లో ప్రారంభించిన సుయిజెంజి ఉద్యానవనం ట్రాము మార్గంలోనే ఉన్నది. ఫుజి పర్వతాన్ని తలపించే పచ్చని దిబ్బ, దాని ముందు అద్దంవంటి కొలను ఇక్కడి అలంకారాలు. ఆ కొలనుకు ఊట నీరే ఆధారం. 2016 భూకంపం తరువాత ఆ నీరు అడుగంటి, కొలను నేల బయటపడినది. కొన్ని వారాలకు ఊట తిరిగి వచ్చినది. నగరవాసులు ఎంత తల్లడిల్లి ఉంటారో ఊహించవచ్చు. ఎందుకంటే 7 లక్షలకు పైగా జనాభా గల ఈ నగరంలో కుళాయిలలో వచ్చే నీరు మొత్తం భూగర్భ జలమే. నదులనుండి గానీ, జలాశయాలనుండి గానీ ఒక్క చుక్క తీసుకోరు.

ఈ భాగ్యానికి మూలం తూర్పున ఉన్న అసో అగ్నిపర్వతం. సుమారు 2 లక్షల 70 వేల ఏళ్ళ క్రితం నుండి 90 వేల ఏళ్ళ క్రితం వరకు అది నాలుగుసార్లు మహోగ్రంగా విస్ఫోటించి, పరిసరాలను బూడిద, నురగరాతి పొరలతో కప్పినది. ఆ పొరలలోనుండి వర్షపు నీరు సులభంగా ఇంకుతుంది. షిరకావా నది మధ్యభాగంలోని వరి మళ్ళలో నీరు సాధారణ మళ్ళలో కంటే 5 నుండి 10 రెట్లు వేగంగా దిగిపోతుంది. అందుకే వాటిని జల్లెడ మళ్ళు అంటారు. కియోమసా కాలంనుండి ఆనకట్టలు, కాలువలు కట్టి ఈ మెట్ట నేలలను మాగాణి చేశారు. రైతు దృష్టిలో అది వ్యవసాయం. నగరం దృష్టిలో అది నేల క్రింది నదికి నీరు పోయడం.

కాలక్రమాన వరి సాగు తగ్గి, ఇళ్ళు, కర్మాగారాలు పెరిగి, భూగర్భ జల మట్టం పడిపోసాగినది. 2004 నుండి నగరపాలక సంస్థ ఎగువ గ్రామాల రైతులకు సొమ్ము చెల్లించి, పంట లేని మళ్ళలో నీరు నిలిపే పథకాన్ని నిర్వహిస్తున్నది. ఈ కృషికి 2013లో ఐక్యరాజ్యసమితి పురస్కారం లభించినది. అదే ప్రాంతంలోని కికుయో పట్టణంలో 2024 ఫిబ్రవరిలో తైవాన్‌కు చెందిన టి.ఎస్.ఎం.సి. సంస్థ ఆధ్వర్యంలో భారీ సెమీకండక్టర్ కర్మాగారం ప్రారంభమైనది. చిప్పుల తయారీకి నీరు విశేషంగా కావాలి. ఎంత తోడితే అంత ఇంకించాలనే నియమం ఇప్పుడు మరింత ప్రాధాన్యం సంతరించుకున్నది.

కికుయోలోనే 'హనగురి' కాలువను తప్పక చూడవలెను. హనగురి అంటే ఎద్దు ముక్కుకు వేసే ముకుతాడు. అసో బూడిద కాలువలో పేరుకొని పూడిపోయే సమస్యకు కియోమసా కాలపు పరిష్కారమిది. రాతిని తొలిచి కాలువ చేసేటప్పుడు కొద్ది దూరానికొక అడ్డుగోడను వదిలి, దాని అడుగున మాత్రం ముకుతాటి రంధ్రంవలె అర్ధవృత్తాకారపు కన్నం పెట్టారు. గోడకు తగిలిన నీరు సుడి తిరిగి, అడుగున చేరిన బూడిదను లేపి, కన్నంలోనుండి ముందుకు తోసివేస్తుంది. యంత్రం లేదు, కూలి లేదు, కాలువ తనను తానే శుభ్రపరచుకుంటుంది. పూర్వం సుమారు 80 ఉన్న అడ్డుగోడలలో నేడు 24 మిగిలాయి.

నీరు దాటిన వంతెన

నగరానికి ఆగ్నేయంగా కొండల నడుమ ఉన్న యమాతో పట్టణంలోని త్సూజున్ వంతెన ఇంజనీర్లకు తీర్థయాత్రా స్థలం. చుట్టూ లోయలతో నీరందని పీఠభూమి రైతుల కోసం, గ్రామపెద్ద ఫుటా యాసునోసుకె పూనికతో 1854లో ఇది పూర్తయినది. 20 మీటర్లకు పైగా ఎత్తు, 28 మీటర్ల వెడల్పు గల ఒకే ఒక రాతి కమాను ఇది. దాటేది మనుషులకంటే ముఖ్యంగా నీరు. వంతెన ఇరువైపుల నేలకంటే పల్లంగా ఉన్నందున, ఒక గట్టున నీరు క్రిందికి దిగి, వంతెన మీది మూడు రాతి గొట్టాలలో ఒత్తిడితో ప్రవహించి, ఆవలి గట్టున పైకి ఎక్కుతుంది. ఇది తలక్రిందుల సైఫన్ సూత్రం. రాతి గొట్టాల అతుకుల వద్ద నీరు కారకుండా సున్నం, మట్టి, ఇసుక, ఉప్పు, పైన్ ఆకుల కషాయం కలిపిన గచ్చు కూరారు. గొట్టాలలోని పూడికను వదిలించడానికి నడుమ బిరడాలు తీసినప్పుడు ఇరుప్రక్కలా జలపాతాలు దూకుతాయి. నిర్ణీత దినాలలో ఆ దృశ్యం చూడడానికి జనం గుమికూడతారు.

కమాను క్రింది కొయ్య ఆధారాలను తొలగించే రోజున యాసునోసుకె తెల్లని వస్త్రాలు ధరించి, కత్తి దగ్గర ఉంచుకొని వంతెన నడుమ కూర్చున్నాడని ప్రజలు చెప్పుకుంటారు. కూలితే తాను కూడా బ్రతకరాదని ఆయన నిశ్చయం. నేడు మనం ధ్రువపత్రం మీద చేసే సంతకానికి అర్థం అదే కదా! 2016 భూకంపంలోను, 2018 వర్షాలలోను దెబ్బతిన్న ఈ వంతెనను బాగుచేసి 2020లో మళ్ళీ నీరు వదిలారు. 2023లో ఇది జాతీయ నిధిగా ప్రకటించబడినది.

అసో లోయలో

తూర్పున అసో అగ్నిపర్వత గర్తం ఉత్తర దక్షిణాలుగా 25, తూర్పు పడమరలుగా 18 కిలోమీటర్ల మేర విస్తరించి ఉన్నది. ఆ పళ్ళెం లోపలే ఊళ్ళు, పొలాలు, రైలు మార్గం. సుమారు 50 వేల జనం నివాసం. నడుమ నకదాకె శిఖరం నేటికీ పొగలు క్రక్కుతుంటుంది. విషవాయువు లేని దినాలలో మాత్రమే అంచు వరకు అనుమతిస్తారు. ఏటా వసంతారంభంలో గడ్డి మైదానాలకు నిప్పు పెట్టి, పశువులకు కొత్త పచ్చిక మొలిపించే ఆచారం శతాబ్దాలుగా సాగుతున్నది.

2016లో కొండచరియ విరిగిపడి ఇక్కడి అసో వంతెనను లోయలోకి ఈడ్చుకుపోయినది. దానికి బదులుగా 525 మీటర్ల పొడవైన కొత్త వంతెనను 2021 మార్చిలో ప్రారంభించారు. రైలు మార్గాలలో ఒకటి 2020లో, మరొకటి 2023లో పూర్తిగా తెరుచుకున్నాయి. నేలమట్టమైన అసో పుణ్యక్షేత్రపు కొయ్య గోపురం 2023 డిసెంబరులో మళ్ళీ నిలిచినది. ఇక్కడ కూడా పనికివచ్చే పాత కలపను ఏరి, మళ్ళీ దాని చోట్లోనే అమర్చారు.

వెళ్ళదలచినవారికి

మార్చి చివరి వారంలో చెర్రీ పూలు, నవంబరులో గింకో ఆకులు చూడవచ్చు. జూన్, జూలై నెలలలో వర్షాలు అధికం. కోటకు ఒక రోజు, సుయిజెంజి ఉద్యానవనానికి, పాత వీధులకు ఒక పూట, అసోకు ఒక రోజు, త్సూజున్ వంతెనకు మరొక రోజు కేటాయిస్తే తొందర ఉండదు. వంతెన నుండి నీరు వదిలే తేదీలను ముందుగా విచారించుకొని బయలుదేరడం మంచిది. శాకాహారులు పులుసులలో చేపల సారం ఉంటుందని గుర్తుంచుకోవలెను. చిలగడదుంప, మినపపప్పు వంటి ఎర్ర చిక్కుడు ముద్ద కలిపి ఆవిరిపై ఉడికించే 'ఇకినరి దాంగో' పిల్లలకు నచ్చుతుంది. కుళాయి నీరు నిశ్చింతగా త్రాగవచ్చు. అసో వర్షమే అది.

పదవీ విరమణకు చేరువైన వయస్సులో ఈ యాత్ర నాకు ఒక ప్రశ్న మిగిల్చినది. కుమమోతోలో మరమ్మతు ప్రారంభించిన ఇంజనీర్లు, రాళ్ళను తొలిసారి లెక్కించిన ఉద్యోగులు చాలామంది 2052 నాటికి పనిలో ఉండరు. చివరి రాతిని అమర్చే తాపీ మేస్త్రీ ఇప్పుడు బడిలో చదువుకుంటూ ఉండవచ్చు. ఆ ఇద్దరికీ నడుమ వారధి రాతి మీద వేసిన అంకె, పుస్తకంలో వ్రాసిన వివరం మాత్రమే. ఏది ఎక్కడిదో, ఎందుకు అలా కట్టారో, ఎక్కడ బలహీనమో నిజాయితీగా వ్రాసి పెట్టిన కాగితమే ఆ పనిని ఒక తరం నుండి మరొక తరానికి మోసుకుపోతుంది. మన కర్మాగారాలలో, కాలువలలో, తీగలలో, పట్టాలలో జీవితకాలం పనిచేసిన మనం కుర్చీ ఖాళీ చేసేనాటికి తరువాతి వారి చేతిలో ఏ పుస్తకం పెడుతున్నాము? యంత్రాన్ని నడిపినంత శ్రద్ధతో దాని మరమ్మతు చరిత్రను వ్రాసి పెడుతున్నామా? కుమమోతో వెళ్ళగల అవకాశం కలిగినవారు ఆ నడకదారి మీద ఒక గంట నిలిచి, క్రింద జరుగుతున్న పనిని చూసి రావలసిందిగా నా మనవి.